పదిహేడో నంబరు నెత్తురు

మద్రాసు డాక్టరు పద్మనాభయ్యగారి జీపు మా తిప్పలపాళెం ఇసకలో దిగబడిపోతే, ఆయన బూట్లు చేత పట్టుకుని నడిచొచ్చి, నా టీకాల ఆఫీసు గడప దగ్గర నిలబడి, "జకరయ్యగారూ, మీ లిస్టులో పదిహేడో నంబరు ఎవరు?" అని అడిగారు. పోయినవారం మిమ్మల్ని అక్కడే వదిలిపెట్టాను. మీకు గడిచింది వారం రోజులు. నేను మాత్రం ఆ గడపలోనే నిలబడి ఉన్నాను.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. నేను ఈ సముద్రపు ఒడ్డు ఊళ్లకి టీకాలు వేసేవాణ్ణి. పద్మనాభయ్యగారు మద్రాసులో మశూచి మీద పరిశోధన చేస్తున్నారు. మశూచి వచ్చి బతికి బయటపడ్డవాళ్ల నెత్తుట్లో దాన్ని ఎదిరించే సత్తువ ఎంత ఉంటుంది, ఒట్టి టీకా వేయించుకున్నవాళ్ల నెత్తుట్లో ఎంత ఉంటుంది, ఏది ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నది ఆయన తేల్చదలచుకున్న సంగతి. అందుకని ఊళ్లో రెండు జాబితాలు రాసి, నిరుడు జనవరిలో కొందరి దగ్గర, మొన్న ఈ అరవైనాలుగు జనవరిలో అందరి దగ్గరా గాజు గొట్టాల్లో నెత్తురు తీసి పంపాను.

ఇక డాక్టరుగారికి చెప్పకుండా మీకు మాత్రమే చెప్పిన సంగతి ఒకటుంది. నిరుడు మే నెలలో గూడూరు బస్సు చిల్లకూరు దాటాక చెడిపోయి పొద్దంతా ఎండలో నిలబడింది. నా ఒళ్లో ఉన్న టీకామందు ఫ్లాస్కులో ఐసు కరిగి నీళ్లయింది, ఆ నీళ్లు కాగాయి. ఆ మందుతోనే కాలవ అవతలి మిషను హాస్టల్లో ఇరవైనాలుగుమంది ఆడపిల్లలకి టీకాలు వేశాను. ఎనిమిదో రోజు చూడబోతే ఒక్క జబ్బమీద కూడా పొక్కు లేవలేదు. పొక్కు లేవలేదంటే టీకా పడనట్టే. రిజిస్టర్లో మాత్రం ఇరవైనాలుగు పేర్ల పక్కనా "లేచింది" అని రాశాను. మందు పాడైందని రాస్తే సంజాయిషీ నేను చెప్పుకోవాలి. మళ్లీ వేద్దాంలే అనుకున్నాను. ఆ మళ్లీ తొమ్మిది నెలలైనా రాలేదు. వార్డెను కరుణాకుమారి "అన్నా, బిడ్డలకి బాగా పడినాయా?" అని అడిగితే, పడ్డాయమ్మా అని చెప్పి, ఆవిడ ఇచ్చిన కాఫీ కూడా తాగి వచ్చాను.

అదండీ నేను. ఇప్పుడు గడప దగ్గరికి పోదాం.

"పదిహేడు జైతూన్‌బీ అండీ," అన్నాను. "దూదేకుల చోటే సాహెబ్ కూతురు. పద్దెనిమిదేళ్లు ఉంటాయి. మూడేళ్లనాడు నేనే టీకా వేశాను. రెండు మచ్చలూ చక్కగా పడ్డాయి."

అది నిజం. నిజం చెప్పేటప్పుడు నా గొంతు అంత గట్టిగా పలుకుతుందని నాకే తెలియదు.

ఆయన బల్లమీద తన పెట్టె పెట్టి, గుడ్డలో చుట్టిన చిన్న గాజుపలక తీశారు. దానిమీద జెల్లీలాంటిది పలచగా పరిచి ఆరబెట్టి ఉంది. అందులో ఎదురెదురుగా రెండు గుంటలు. పలకని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే గుంటల మధ్య ఒక తెల్లటి గీత కనిపించింది. వెంట్రుక మందాన ఉంది.

"ఈ గుంటలో పోసింది మశూచి పొక్కుల్లోంచి తీసిన సరుకు. ఇందులో పోసింది ఆ అమ్మాయి నెత్తుటి నీరు. రెండూ జెల్లీలో పాకి వచ్చి ఒకదాన్నొకటి గుర్తుపడితే, కలిసిన చోట ఈ గీత పడుతుంది. ఉత్త టీకా వేయించుకున్నవాళ్ల దగ్గర ఇంత స్పష్టంగా నేను చూడలేదు."

నేను ఆ గీతని చూస్తూ ఉండిపోయాను. ఊరికి ఎంతో దూరాన, మద్రాసులో ఎక్కడో ఒక గదిలో, మనిషి లేకుండా ఆ మనిషి నెత్తురు ఒక్కటే నడిచి వెళ్లి దేన్నో గుర్తుపట్టింది. ప్రార్థన చేసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి, దయ్యాలంటే నవ్వేవాణ్ణి. అయినా నాకు అది బాగా అనిపించలేదు.

"ఇంకో లెక్క కూడా చూశాను," అన్నారాయన. "నెత్తుటి నీరుని పలచన చేసుకుంటూ పోయి, ఎంతవరకు పనిచేస్తుందో చూడటం. నిరుడు ఈ అమ్మాయిది పదింతలు పలచన చేసేసరికి చేతులెత్తేసింది. టీకా వేసి రెండేళ్లు దాటాక అంతే ఉంటుంది. మొన్నటిది ఆరువందల నలభై ఇంతలు చేసినా నిలబడింది. మధ్యలో మళ్లీ టీకా వేశారా?"

"లేదండీ."

"అయితే రోగమే. డిసెంబరు ప్రాంతంలో."

"ఊళ్లో రెండేళ్లుగా ఒక్క కేసు లేదండీ. ఆ పిల్ల మొహంమీద చిన్న మచ్చ లేదు."

"ఉండకపోవచ్చు. టీకా అంటే చెప్పి వచ్చిన చుట్టం జకరయ్యగారూ. రోగం కన్నం వేసి వచ్చిన దొంగ. చుట్టం మొహం ఇల్లు కొన్నాళ్లకి మరిచిపోతుంది, దొంగ మొహం అంత తొందరగా మరవదు. ఈ ఇంట్లోకి దొంగ వచ్చాడు, లోపల మనుషులు మేలుకుని ఉండటం చూసి ఉత్త చేతులతో పోయాడు. మూడు రోజులు జ్వరం వచ్చి పోయి ఉంటుంది, అంతే. వాడు ఎక్కడినుంచి వచ్చాడు, ఇప్పుడు ఎక్కడున్నాడు అన్నదే నా భయం."

తరవాత ఆయన పెట్టెలోంచి ఒక కాగితం తీశారు.

"నలభైయొకటి నుంచి అరవైనాలుగు దాకా హాస్టలు పిల్లలు. ఇరవైనాలుగు గొట్టాల్లోనూ ఏమీ లేదు. తక్కువ ఉండటం కాదు, అసలే లేదు. టీకా అన్నమాట ఎరగని నెత్తురులా ఉంది. వీళ్లకి పొక్కు లేచిందా?"

"లేచిందండీ," అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకుండానే రిజిస్టరు తీసి చూపించాను.

ఆయన కోప్పడే మనిషయితే బాగుండేది. ఇరవైనాలుగు "లేచింది"ల మీదా వేలు పెట్టి నెమ్మదిగా కిందిదాకా వచ్చి, "గొట్టాలు తారుమారయ్యాయేమో. మా వాళ్లని మళ్లీ చూడమంటాను," అన్నారు. తప్పించుకోవడానికి నాకో సందు ఇచ్చారు. నేను సిగ్గులేకుండా అందులోంచి దూరాను.

చోటే సాహెబ్ ఇల్లు ఊరి చివర, కాలవగట్టు పక్కన. మేం బయలుదేరేసరికి మధ్యాహ్నం రెండయింది. సముద్రం గాలి పడిపోయింది. సరుగుడు తోపులో ఆకు కదలడం లేదు. ఇంకా అల్లంత దూరాన ఉండగానే దూదేకే విల్లు మోత వినిపించింది. టంగ్, టంగ్ మని, మధ్యలో ఆగి, మళ్లీ టంగ్ మని.

"పనిలో ఉన్నాడండీ," అన్నాను.

పందిరి కిందికి వచ్చి చూద్దుము కదా, చోటే సాహెబ్ బయటే కూర్చుని పరుపు కుడుతున్నాడు. సూది చేతిలో ఉంది. విల్లు మూసిన తలుపు వెనక మోగుతూనే ఉంది. లోపల ఉన్నది కూతురే అయి ఉంటుందని తట్టడానికి కాసేపు పట్టింది.

చోటే సాహెబ్‌కి యాభై దాటాయి. ఆరేళ్లప్పుడు వచ్చిన మశూచి మొహమంతా గుంటలు చేసి పోయింది. రోగం వచ్చినవాళ్ల జాబితాలో ఆయనది మూడో నంబరు. నలభై అయిదేళ్ల తరవాత కూడా ఆయన నెత్తురు ఆ రోగాన్ని ఇంకా కొంత గుర్తుపడుతోందని దార్లో డాక్టరుగారు ఎంతో ముచ్చటగా చెప్పారు. భార్య హజరాబీ పోయి చాలా కాలమైంది. ఆ ఇంట్లో తండ్రీ కూతురే ఉంటారు.

"సాయిబన్నా," అన్నాను, "పోయిన డిసెంబర్లో జైతూన్‌కి ఒళ్లు బాగలేదా?"

సూది ఆగింది. "ఎవురు చెప్పినారు సారూ?"

"ఆమె నెత్తురు చెప్పింది," అన్నారు డాక్టరుగారు.

చోటే సాహెబ్ ఆయనవంక చూసి పళ్లు మాత్రం కనబడేట్టు నవ్వాడు. "నెత్తురు మాట్లాడతాదా సార్? మా ఇంటికి అమ్మవారు రాలా. వచ్చుంటే దాస్తామా? నా మొగం చూడండి. ఆ తల్లి సంగతి నాకు తెలవంది కాదు. బిడ్డ మొగం చూస్తే మీకే తెలస్తాది." లోపలికి కేకేశాడు. "మే జైతూనా, ఇట్రా మే."

విల్లు ఆగింది. ఆగాక కూడా తంతి చాలాసేపు లోపల జుయ్యిమంటూనే ఉంది.

తలుపు తెరుచుకుని దూదిపొగ ముందు వచ్చింది, తరవాత ఆ పిల్ల వచ్చింది. జుట్టు, కనుబొమలు, కనురెప్పల వెంట్రుకలు అన్నీ తెల్లగా ఉన్నాయి. మొహం మాత్రం నున్నగా ఉంది. పద్దెనిమిదేళ్ల పిల్లకి ఎనభైయేళ్ల తల పెట్టినట్టుంది. ఆమె వెనక గదిలో సాలెగూళ్లకి దూది పట్టి దూలాలనుంచి తాళ్లలా వేలాడుతున్నాయి.

డాక్టరుగారు గాజుపలక తీసి వెలుతురుకి పట్టి, "ఇది నీదమ్మా," అన్నారు.

ఆమె వంగి చూసింది. "ఈ గీతా సార్? నాదా?"

"నీ నెత్తురు గీసిన గీత. డిసెంబర్లో నీ ఒంట్లోకి వచ్చిపోయినదాన్ని అది ఇంకా మరిచిపోలేదు."

జైతూన్‌బీ చప్పున వెనక్కి జరిగి తండ్రిని చూసింది. "నాయనా, నేను చెప్పలా. ఎవురికీ చెప్పలా. దానంతట అదే చెప్పేసింది."

"నోరుముయ్ మే," అన్నాడు చోటే సాహెబ్. కానీ ఆ గొంతులో పస లేదు.

ఆమె నోరుముయ్యలేదు. ఇన్నాళ్లూ దాచి దాచి భయపడ్డ పిల్ల, అడిగేవాళ్లు దొరికితే ఆగుతుందా.

"ముగ్గులనెల పెట్టిన కొత్తల్లో సార్. మూడు దినాలు కాలిపోయే జొరం. నడుము ఇరిగిపోయినట్టు నొప్పి. నాలుగోనాటి పొద్దుటికి ఏమీ లేదు. ఆ దూది ఏకిన పన్నెండు దినాలకి వచ్చింది."

"ఏ దూది?" అన్నాను.

"ఆ పరుపులోది. దాన్ని ఇప్పినప్పుడే వాసనొచ్చింది సారూ. మురుగు వాసన కాదు, తియ్యంగా. తంతి ఎంత బిగించినా పలకలా, తడిసిన తాడు మాదిరి మొద్దుగా కొట్టింది. ఏకతావుంటే తవుడు మాదిరి రాలింది. తవుడే అనుకున్నా. నలిపి చూస్తే తవుడు కాదు, చేప పొలుసు మాదిరి ఎండు పెచ్చులు. కాసేపటికి తంతికి పొడుగాటి వెంట్రుక చుట్టుకునింది. ఆడమనిషిది. తీసేస్తే ఇంకోటి. తీసేకొద్దీ వస్తానే ఉండాయి. నాకు భయమేసి రాలిందంతా ఊడ్చి వాకిట్లో పోసినా. కోళ్లు ఏరుకోని తిన్నాయి."

ఆ కోళ్లు అప్పుడు నా కాళ్ల దగ్గరే గీరుకుంటున్నాయి. పదిహేనేళ్లుగా మశూచి ఇళ్లల్లో తిరిగినవాణ్ణి. పొక్కులు ఎండి రాలిన పెచ్చులు ఎలా ఉంటాయో నాకు ఒకరు చెప్పాలా. ఒక కాలు ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలియక మళ్లీ అక్కడే పెట్టాను.

"ఆ పరుపు ఎక్కడిది సాహెబ్?" అన్నారు డాక్టరుగారు.

చోటే సాహెబ్ సూదిలోని దారం లాగి ముడి వేశాడు. "నాయుడుపేట అవతల ఒక పల్లె పొలిమేరలో పడేసుండారు సార్. పరుపు, దిండు, కొత్త చాప. చుట్టూతా పసుపునీళ్లు, వేపమండలు. ఎవరో కొత్త కోడలు పోయినట్టుండాది. మంచి పత్తి. మొదటి ఏకుడు కూడా చెదరలా. వానకి మట్టిపాలయిపోతాదని బండిలో ఏసుకున్నా."

"పోలేరమ్మకి వదిలిన సొమ్ము తాకకూడదని తెలియదా?" అన్నాను.

"అది హిందువుల లెక్క. మీకూ లేదు, మాకూ లేదు కదా సారూ." ఆయన నిజంగానే అడుగుతున్నాడు. "నేనేం ఊరికే తెచ్చి ఏకలా. సాంబ్రాణి పొగేసినా. మూడెండలు చూపించినా. ఆమీద విల్లు దెబ్బ. విల్లు దెబ్బ తిన్న దూదికి పాత అనేది లేదు, ఆ దినం పుట్టినట్టే అనేవోడు మా తాత. ఎవరి కింద పరిచిన దూదైనా ఏకితే శుద్ధి. తాతలకాణ్ణించీ మేం చేసేది ఇదే పని."

"ఏకితే పోలేదు సాహెబ్," అన్నారు డాక్టరుగారు మెల్లిగా. "పరుపులో అణిగి ఉన్నదాన్ని విల్లు గాల్లోకి లేపింది. మీ అమ్మాయి దాన్ని పొద్దంతా పీల్చింది."

చోటే సాహెబ్ అర్థం చేసుకోవడం నేను చూశాను. ఆ గుంటల మొహం నెమ్మదిగా బూడిదరంగు తిరిగింది. కూతురి మొహాన్ని కొత్తగా చూస్తున్నట్టు, అక్కడ లేని మచ్చల్ని ఒక్కొక్కటే వెతుకుతున్నట్టు చూశాడు. "బిడ్డ చచ్చిపోయుండునా సార్?"

"పోయి ఉండొచ్చు. మూడేళ్లనాడు ఈయన వేసిన ఆ రెండు మచ్చలే కాపాడాయి."

చోటే సాహెబ్ సూది కిందపడేసి లేచొచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ఆయన కళ్లు తడిగా తగిలాయి. ఆ చేతులు నావి కాకపోతే బాగుండునని అనిపించింది. పదిహేనేళ్ల ఉద్యోగంలో నాకు దక్కిన ఒకే ఒక్క దణ్ణం అది, దాన్ని తీసుకునే మొహం నాకు లేకుండా నేనే చేసుకున్నాను.

"ఆ దూది ఇంకా ఎంత మిగిలింది?" అని డాక్టరుగారు అడిగారు. "ఉన్నదంతా ఇప్పుడే తగలబెట్టాలి."

"ఏమీ లేదు సార్. రెండు నెలలు గోతంలో కుక్కిపెట్టింది, మొన్ననే అంతా అయిపోయింది. ఒక్క ఆర్డరుకే సరిపోయింది. దిండ్లు."

"ఎవరికి?"

చోటే సాహెబ్ గెడ్డంతో కాలవ అవతల సరుగుడు తోపు వైపు చూపించాడు. ఆయన చెప్పకముందే నాకు తెలిసిపోయింది. చెవులు మూసుకోవాలనిపించింది గానీ చేతులు ఇంకా ఆయన చేతుల్లోనే ఉన్నాయి.

"మిషను హాస్టలుకి. బిడ్డకొకటి లెక్కన ఇరవైనాలుగు."

పద్మనాభయ్యగారు నావైపు తిరిగారు. ఇప్పుడు కూడా కోపం లేదు. "జకరయ్యగారూ, పొద్దున అడిగినమాట మళ్లీ అడుగుతున్నాను. పొక్కు లేచిందా?"

"లేవలేదండీ," అన్నాను. "ఒక్కరికి కూడా లేవలేదు. మందు చచ్చిపోయిందని అనుమానం ఉండి కూడా వేశాను. లేవలేదని కళ్లారా చూసి, లేచిందని రాశాను."

చోటే సాహెబ్ నా చేతులు వదిలేశాడు. విసిరికొట్టలేదు, ఊరికే వదిలేశాడు. తొమ్మిది నెలలు మోసిన మాట నోట్లోంచి పోతే తేలికపడతానని అనుకునేవాణ్ణి. ఏమీ తేలికపడలేదు. ఇరవైనాలుగు తలలు ఇరవైనాలుగు కొత్త దిండ్లమీద పడుకుని ఉండటం మాత్రం కళ్లకి కట్టింది.

డాక్టరుగారు గాజుపలకని గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నారు. "నామీద మీరు రాయబోయే రిపోర్టు" అని నేను మొదలుపెడితే, చెయ్యెత్తి ఆపేశారు. "అది తరవాత. దిండ్లు ఎప్పుడిచ్చావు సాహెబ్?"

"ఈపొద్దు బేస్తవారమా? పోయిన శనివారం కాదు సార్, దాని ముందటి శనివారం."

వేళ్లమీద లెక్కపెట్టాల్సిన పని లేదు. పన్నెండు రోజులు. ఆ పన్నెండు ఎంత చెడ్డ లెక్కో జైతూన్‌బీ ఇందాకే చెప్పింది.

"మొదటి మూడు నాలుగు రోజుల్లో అయితే టీకా వేసి ఆపేవాళ్లం," అన్నారు డాక్టరుగారు గబగబా నడుస్తూ. "ఇప్పుడు ఎవరికీ జ్వరం మొదలవకుండా ఉంటే అదే పదివేలు. జీపులో నా ఫ్లాస్కు ఉంది, అందులో ఐసు ఉంది. తీసుకుని పడవ దగ్గరికి రండి."

నేను పందిరి దాటాను. వెనకనుంచి జైతూన్‌బీ "సారూ" అని పిలిచింది. తెల్లటి కనురెప్పలు టపటపలాడిస్తూ పెరటి వేపచెట్టు వైపు చూస్తోంది.

"పొద్దున్నే హాస్టలు వంటామె ఏసుమణక్క వచ్చింది సారూ. పడకకొక కొమ్మ పెట్టాల, కోసుకుంటానంటే కోసుకోమన్నా. వార్డెనమ్మకి చెప్పొద్దని కొంగు కింద దాచుకోని పోయింది."

"ఎన్ని కోసింది?" అన్నాను.

"మొదట రెండు సారూ. పడవదాకా పోయినామె మళ్లా వెనక్కొచ్చి, ఇంకో మూడు కోసుకపోయింది."